ఎనిమిదీ పదికి సాక్షి కావలెను

మా తాతయ్య సాక్షి లేకుండా మాత్ర మింగడు.

ఇలా ఒక్క ముక్కలో చెప్తే మీకు సరిగ్గా అర్థం కాదు. ఆయనకి జబ్బేమీ లేదు. జబ్బు రాకుండా ఉండటానికని ఐదేళ్ల పాటు రోజుకొక మాత్ర మింగాడు. ప్రతి మాత్రా ఎవరో ఒకరు చూస్తుండగానే మింగాడు. మింగాక నోరు తెరిచి, నాలుక పైకెత్తి, కుడి దవడ, ఎడమ దవడ చూపించి, "చూశావా?" అని అడిగి, చూశానన్నాక నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు. అందులో సగానికి పైగా సంతకాలు నావే. నేను చదివింది తక్కువ. తొమ్మిదో తరగతి గట్టిగా రావాలని రెండుసార్లు చదివాను, అయినా రాలేదు, వదిలేసి అమ్మ దగ్గర కిటికీ పరదాలు కుట్టడంలో చేరాను. సంతకం మాత్రం పెద్ద ఆఫీసరులా పెడతాను. అది ఆ నోటుపుస్తకం చెప్పిన చదువే.

తాతయ్య నలభై ఏళ్లు ఇళ్లూ స్థలాలూ రిజిస్టరు చేసే ఆఫీసులో గుమాస్తా. అమ్మేవాడు వచ్చినా, కొనేవాడు వచ్చినా, ఇద్దరు సాక్షులూ రాకపోతే వాళ్లకి గుమ్మం చూపించేవాడట. "సాక్షి లేని పనీ, జరగని పనీ ఒకటే" అనేది ఆయన సూత్రం. ఇంట్లో కూడా అంతే. కుళాయి కట్టేశానంటే నమ్మడు, కట్టేస్తుండగా ఎవరు చూశారని అడుగుతాడు.

"మన పెళ్లికి అంతమంది సాక్షులు లేకపోతే నేను ఎప్పుడో జరగలేదని తప్పించుకునేదాన్ని" అంటుంది అమ్మమ్మ.

ఇక మాత్ర సంగతి. పేగు క్యాన్సరు తాతయ్య వంశంలో ఉంది. ఆయన తల్లికి వచ్చింది, ఆ తరవాత అన్నకి వచ్చింది. మొండి ముక్కు వచ్చినట్టే ఆ లోపం కూడా రక్తంలో దిగుతుంది, అందరికీ కాదు, ఇద్దరిలో ఒకరికి. తాతయ్యకి దిగింది. లోపం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, వచ్చే వీలు ఎక్కువ, అంతే. అందుకని ఏడాదికోసారి ఆస్పత్రివాళ్లు గొట్టంతో లోపల చూసేవారు.

అదే ఆస్పత్రిలో ఒక పరిశోధన మొదలైంది. దుకాణాల్లో దొరికే పాత తలనొప్పి మాత్ర ఒకటి రోజూ మింగితే, ఇలాంటి వంశాలవాళ్లకి ఆ క్యాన్సరు రాకుండా ఆపుతుందేమోనని వాళ్లకి అనుమానం. చేరినవాళ్లలో సగం మందికి అసలు మాత్ర ఇస్తారు, సగం మందికి ఉత్త మాత్ర. రెండూ ఒకే తెలుపు, ఒకే గుండ్రం, ఒకే పూత. ఎవరిది ఏదో మింగేవాళ్లకి తెలీదు, ఇచ్చే నర్సుకీ తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. ఆ జాబితా సీలు వేసిన కవరులో ఉంటుంది. ఐదేళ్ల తరవాత తెరుస్తారు.

సీలు వేసిన కవరు అనగానే తాతయ్య కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఎవరి ఎదుట సీలు వేశారమ్మా?"

"చాలామంది ఎదుటేనండీ. అందరూ సంతకాలు పెట్టారు" అంది నర్సు.

"అయితే నన్ను రాసుకోండి."

మొదటి మాత్ర నర్సు తన ఎదుటే మింగించింది, పడకపోతే వెంటనే తెలుస్తుందని. ఆ పూటకి సంతకం పెట్టింది కూడా. అంతే, ప్రతి మాత్రా అలాగే జరగాలని తాతయ్య నిర్ణయించేసుకున్నాడు. వాళ్లిచ్చిన పుస్తకంలో తేదీ, టైము, మింగారా లేదా అని మూడే గళ్లున్నాయి. పాపం మరిచిపోయారని జాలిపడి, స్కేలు పెట్టి నాలుగో గడి ఆయనే గీశాడు. పైన 'సాక్షి' అని రాశాడు. టైము ఉదయం ఎనిమిదీ పది. నలభై ఏళ్లూ ఆయన ఆఫీసుకి బయల్దేరిన వేళ అది.

ఎనిమిదీ పదికి తాతయ్య ఎక్కడుంటే అక్కడి మనిషే సాక్షి. ఒకసారి బస్సులో ఉన్నాడు, పక్కన నేను. కండక్టరు వచ్చాడు.

"బాబూ, ఒక్క నిమిషం నా నోట్లోకి చూడు."

"టికెట్ అడిగానండీ."

"టికెట్ ఎక్కడికీ పోదు. నాలుక కింద ఏమైనా ఉందా?"

"ఏమీ లేదండీ."

"వెనక పళ్ల దగ్గర?"

"వెనక పళ్లే లేవు కదండీ."

"శభాష్, బాగా చూశావు. ఇక్కడ సంతకం పెట్టు."

కండక్టరు పెట్టాడు. అది కొత్త బస్సు కోసం రాసిన అర్జీ అనుకుని వెనక సీట్లవాళ్లు పుస్తకం లాక్కుని మరో నలుగురు పెట్టారు. ఆ రోజు మాత్రకి ఐదుగురు సాక్షులు. తాతయ్య వారం రోజుల పాటు ఆ పేజీ తెరిచి చూసుకుని మురిసిపోయాడు.

మంగలి ఒక చెంప గీసి రెండో చెంప నురగతో వదిలేసి సంతకం పెట్టాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు మీటరు కన్నా ముందు తాతయ్య నోరు చూశాడు. అన్నిటికన్నా ఘోరం, భర్త పోయిన ఒకావిణ్ణి పలకరించడానికి వెళ్లినప్పుడు జరిగింది. ఎనిమిదీ పది అయింది. గదిలో ఆవిడా మేమూ తప్ప ఎవరూ లేరు. నేను పెడతానని సైగ చేశాను. తాతయ్యకి ఇంటి సాక్షి కన్నా బయటి సాక్షి ముద్దు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆయన నోట్లోకి ఒంగి చూసి, "గొంతు బాగా ఎర్రగా ఉంది అన్నయ్యా. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారా?" అంది. లేదంటే కేకలేసింది. లేచి వెళ్లి నీళ్లు కాచి తెచ్చింది. మేము ఉన్న అరగంటా ఆవిడ మళ్లీ ఏడవలేదు. సంతకం కూడా నీటుగా పెట్టింది.

ఆర్నెల్లకి ఆ గడి నర్సు కంటపడింది. మిగిలిన మాత్రలు లెక్కపెడుతూ పుస్తకం తిప్పింది.

"తాతగారూ, ఈ కండక్టరు ఎవరు?"

"సాక్షి అమ్మా."

"సాక్షులు అక్కర్లేదండీ. మీ మాట చాలు."

"నా మాటకి నేనే సాక్షినైతే ఎలా? రేపు ఎవరైనా అడిగితే?"

"ఎవరూ అడగరండీ."

"అందుకే పెట్టుకోవాలి. అడిగినప్పుడు వెతుక్కుంటే దొరకరు."

నర్సు నావైపు చూసింది. నేను గోడమీద బరువు చూసే పట్టికని చదువుతున్నట్టు నటించాను. ఆ తరవాత తాతయ్య వచ్చినప్పుడల్లా ఆవిడ అడక్కుండానే టార్చిలైటు తీసేది.

ఇందులో ఒక చిక్కు ఉంది. తలనొప్పి మా తాతయ్యకి సొంత ఆస్తి. వారానికి రెండుసార్లు ఠంచనుగా వస్తుంది. పరిశోధనలో ఉన్నన్నాళ్లూ ఆ జాతి తలనొప్పి మాత్ర బయట కొని వేసుకోకూడదు, వేసుకుంటే లెక్క చెడుతుంది. వేరే జాతిది వేసుకోవచ్చంది నర్సు కానీ, అది వేసుకుంటే ఆయనకి ఒళ్లంతా దద్దుర్లు. దాంతో తలకి తడి తువ్వాలు చుట్టుకుని కుట్టుమిషను గదిలో మూల కూర్చునేవాడు. తువ్వాలు కనబడితే మిషను ఆపేయాలని అమ్మమ్మ ఆర్డరు. అప్పుడు అమ్మా నేనూ పరదాల అంచులు చేత్తోనే కుట్టేవాళ్లం.

ఒకసారి నేను అడిగాను. "రోజూ మింగేది తలనొప్పి మాత్రేగా తాతయ్యా, మరి తలనొప్పి ఎందుకొస్తోంది?"

తువ్వాలు కింద నుంచి ఒక కన్ను తెరిచాడు. "నీకెందుకే గుమాస్తా? నీ పని సంతకం పెట్టడం."

"ఆ మాత్ర పేగుల్లోకి పోతోందే. తలలోకి పోవాలంటే తలలో ఏదైనా ఉండాలిగా" అంది అమ్మమ్మ. మేం నవ్వేసి ఆ మాట అక్కడితో మరిచిపోయాం.

మా పక్కవాటాలో వెల్లుల్లి మాస్టారు ఉంటాడు. బళ్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యాడు. ప్రకృతిలో లేని మందు లేదంటాడు. క్యాన్సరు రానివ్వదని ఎక్కడైనా చదివితే చాలు, రసం తీసి గ్లాసుతో మెట్ల మీద కాపు కాస్తాడు. సోమవారం పచ్చి వెల్లుల్లి, మంగళవారం ఆకుపచ్చ టీ, బుధవారం టమాటా, గురువారం ద్రాక్షగింజలు. శుక్రవారం అన్నీ కలిపి.

"తాగండి. నాలుగేళ్లుగా తాగుతున్నాను, నాకేమైనా వచ్చిందా?"

"తాగనివాళ్లలో ఎంతమందికి వచ్చింది మాస్టారూ?" అన్నాడు తాతయ్య.

"తాగనివాళ్ల సంగతి మనకెందుకండీ?"

"వాళ్లే కదండీ సాక్షులు. తాగనివాళ్లకి ఏమైందో తెలీకుండా, తాగినందువల్ల మీకు మేలు జరిగిందని ఎవరు చెప్తారు?"

"నా ఒళ్లే చెప్తుంది."

"మీ ఒళ్లు మీ పక్షం. అది చెల్లదు." గ్లాసు పక్కకి జరిపి, "టమాటాలూ వెల్లుల్లీ కూరలో వేసి పెట్టండి, రెండోసారి కూడా వడ్డించుకుంటాను. మందు అని మాత్రం అనకండి" అన్నాడు. మాస్టారు నొచ్చుకున్నాడు. అయినా మర్నాడు ఎనిమిదీ పదికి వచ్చి సంతకం పెట్టాడు, సంతకం కింద 'ఒత్తిడి మీద' అని రాసి.

రెండో ఏడు అమ్మకి రక్తపరీక్ష చేశారు. ఆ లోపం అమ్మకీ ఉంది.

డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. "ఏడాదికోసారి మీకూ గొట్టంతో చూస్తాం. మాత్ర సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. కొందరికి దానివల్ల కడుపులో రక్తం కారుతుంది. ఆ పరిశోధన ఫలితం రానివ్వండమ్మా."

అమ్మ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. మూడు గంటలు తల ఎత్తకుండా కుట్టింది. లేచి పరదా పట్టుకుని చూస్తే పువ్వులన్నీ తలకిందులుగా ఉన్నాయి. అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని, ఒక అంచు ఆయన, ఒక అంచు నేను, సాయంత్రం దాకా విప్పుతూ కూర్చున్నాం.

"ఫలితం ఇంకా ఎన్నాళ్లకి నాన్నా?" అంది అమ్మ.

"మూడేళ్లు. మధ్యలో ఎవరూ ఎగ్గొట్టకుండా ఉంటే."

అప్పటి నుంచి తాతయ్య ఎనిమిది గంటలకే గడియారం కింద నిలబడటం మొదలుపెట్టాడు.

నాలుగో ఏడు గొట్టంతో చూసినప్పుడు తాతయ్య పేగులో మూడు చిన్న కండలు కనబడ్డాయి. వదిలేస్తే ముదిరి క్యాన్సరు కావచ్చట. అక్కడికక్కడే తీసేశారు. డాక్టరు గారు వాటికి ఏదో పేరు చెప్పారు. తాతయ్య పుట్టగొడుగులు అన్నాడు. "మూడు పుట్టగొడుగులు కోశారు, కూరకి సరిపోవు" అని అమ్మమ్మకి చెప్తున్నాడు. అమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

"నాన్నా, నీకు వచ్చింది ఉత్త మాత్ర. అసలుదైతే ఇవెందుకు మొలుస్తాయి? నువ్వింక అది మానెయ్. డాక్టరు గారిని అడిగి బయటికొచ్చెయ్. అసలు మాత్ర దుకాణంలో దొరుకుతుంది, నేనే కొని తెస్తాను."

"మానను."

"ఎందుకు మానవు?"

"టైమెంతయింది?"

"ఎనిమిదీ ఎనిమిది."

"రెండు నిమిషాలాగి పోట్లాడుకుందాం."

మాత్ర వేసుకుని నోరు తెరిచి అమ్మ ముందు నిలబడ్డాడు. అమ్మ చూడలేదు. "నేను సంతకం పెట్టను" అంది. అమ్మమ్మ వైపు తిరిగాడు. ఆవిడ కూడా గరిటె పట్టుకుని మొహం తిప్పుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి, నాలుక బయటపెట్టుకుని, గది మధ్య. చివరికి నా దగ్గరికి వచ్చాడు. నేను అమ్మని చూశాను, నాలుకని చూశాను, సంతకం పెట్టాను. మొత్తం పుస్తకంలో వంకరగా వచ్చిన నా సంతకం అదొక్కటే.

"నీ మొండితనంతో నువ్వు పోయేలా ఉన్నావు నాన్నా" అంది అమ్మ.

"పోతే నలుగురు చూస్తుండగానే పోతాలే" అన్నాడు తాతయ్య.

ఆ తరవాత ఆస్పత్రివాళ్లు ఆర్నెల్లకోసారి లోపల చూశారు. పుట్టగొడుగు మళ్లీ ఒకటి మొలిచింది, దాన్నీ కోశారు. అమ్మ తాతయ్యతో మాట్లాడేది కానీ మాత్ర వేళకి నీళ్లు పట్టుకోవడానికని పెరట్లోకి పోయేది.

ఐదేళ్లూ నిండాయి. పద్దెనిమిది వందల ఇరవై ఆరు మాత్రలు. ఒక్కటీ తప్పలేదు, దానికి పద్దెనిమిది వందల ముప్ఫై సాక్షి సంతకాలు, బస్సులో ఎక్కువొచ్చిన నాలుగింటితో కలిపి.

కవరు విప్పిన రోజు నలుగురం వెళ్లాం. అదే గది, అదే బరువు చూసే పట్టిక. నర్సు ముందు మంచి వార్త చెప్పింది. మాత్ర పనిచేసింది. మా లాంటి వంశాలవాళ్లలో అసలు మాత్ర మింగినవాళ్లకి ఆ క్యాన్సరు బాగా తక్కువ వచ్చింది. అమ్మ కడుపు పరీక్ష ముందే అయింది, రక్తం కారే భయం పెద్దగా లేదు, మొదలుపెట్టొచ్చని డాక్టరు గారు రాసిచ్చారు.

తరవాత నర్సు తాతయ్య కాగితం విప్పింది. చదివి, మడిచి, మళ్లీ విప్పింది.

"తాతగారూ, మీకు వచ్చింది..."

"ఉత్త మాత్ర" అన్నాడు తాతయ్య. "నాకు తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

"అసలుదైతే నా తలనొప్పి అన్నాళ్లు ఊరుకుంటుందా? రెండో నెలలోనే తెలిసిపోయింది."

తడి తువ్వాళ్లన్నీ నా కళ్ల ముందు వరసగా ఆరేసినట్టు కనబడ్డాయి.

"మరి చెప్పలేదేం?" అంది నర్సు.

"చెప్తే మీ మొహం మారుతుంది. మీ మొహం చూసి డాక్టరు గారి మొహం మారుతుంది. ఇక నా పేగులోకి ఆయన మామూలుగా చూడగలరా? సాక్షికి జవాబు ముందే చెప్పకూడదమ్మా. మా ఆఫీసులో అది మొదటి పాఠం."

అమ్మ కుర్చీలోంచి లేచింది. "ఉత్తదని తెలిసి తెలిసీ ఐదేళ్లు మింగావా నాన్నా? నేను అంత బతిమాలితే కూడా?"

"నేను మానేస్తే, నాలాగే అనుమానం వచ్చినవాళ్లందరూ మానేస్తే, నీ మాత్ర పనిచేస్తుందని ఎవరు చెప్తారే?" అన్నాడు తాతయ్య, వెల్లుల్లి మాస్టారుకి చెప్పిన గొంతుతోనే. "మింగనివాళ్లే కదా సాక్షులు."

ప్రతి చిన్న పనికీ సాక్షిని వెతుక్కునే మనిషి, ఈ ఒక్క పనీ ఎవరికీ చెప్పకుండా చేశాడు. అమ్మమ్మ ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది. వేసిన చెయ్యి మాత్రం తియ్యలేదు.

మర్నాడు ఉదయం తాతయ్య కొత్త నోటుపుస్తకం కొని, స్కేలుతో నాలుగు గళ్లు గీసి, గడియారం కింద నిలబడ్డాడు. డాక్టరు గారు తాతయ్యకీ రాసిచ్చారు, ఇప్పుడు ఇద్దరివీ అసలు మాత్రలే.

"పరిశోధన అయిపోయింది నాన్నా. ఇక సాక్షులెందుకు?" అంది అమ్మ.

"నీకు అక్కర్లేదేమో."

ఎనిమిదీ పది. అమ్మ మాత్ర మింగింది. నలభై మూడేళ్ల మా అమ్మ, పరదాల షాపుల వాళ్లు కూడా భయపడే మా అమ్మ, వాళ్ల నాన్న ముందు నోరు తెరిచి నాలుక బయటపెట్టింది. చూపించాల్సిన దానికన్నా చాలాసేపు పెట్టింది, కావాలనే. తాతయ్య కళ్లజోడు సర్దుకుని, నాలుక కింద చూశాడు, కుడి దవడ చూశాడు, ఎడమ దవడ చూశాడు. జీవితమంతా ఇంకొకళ్ల చేత సంతకాలు పెట్టించిన మనిషి, సాక్షి గడిలో మొదటిసారి తన సంతకం పెట్టాడు. చివర ఒక గీత గీసి, దాని మీద రెండు చుక్కలు కూడా పెట్టాడు.

"నేను కూడా మొదలుపెడతాను" అంటూ అప్పుడే వెల్లుల్లి మాస్టారు దుకాణం నుంచి రెండు డబ్బాలతో వచ్చాడు.

"మీకు మా వంశంలోని లోపం ఉందా? డాక్టరు గారు రాసిచ్చారా? కడుపులో రక్తం కారితే ఎవరు సాక్షి?" అని ఆ డబ్బాలు వాపసు పంపించాడు తాతయ్య. దానికి బదులు ఇంట్లో ఉన్న టమాటాలన్నీ ఇచ్చి పంపాడు.

ఆ వారమంతా తువ్వాలు గోడకే వేలాడింది. ఆదివారం నాటికి తాతయ్యకి అనుమానం పట్టుకుంది. నోటుపుస్తకం తీసుకుని మిషను దగ్గరికి వచ్చాడు.

"ఏమే గుమాస్తా. వారం రోజులుగా తలనొప్పి లేదు. ఇది ఎక్కడో రాసి పెట్టుకోవాలి. నువ్వు చూసి సంతకం పెట్టు."

"లేని తలనొప్పిని ఎలా చూడను తాతయ్యా?"

"అదంతా నాకు తెలీదు. నువ్వు సాక్షివి, చూడాలి."

సరేనని కుర్చీలో కూర్చోబెట్టి, టార్చిలైటు తెచ్చి, కుడి చెవిలోంచి చూశాను, ఎడమ చెవిలోంచి చూశాను, జుట్టు పాయతీసి నడినెత్తి చూశాను. అమ్మమ్మ వంటింటి గుమ్మంలోంచి, అమ్మ మిషను ఆపి, చూస్తున్నారు.

"చూశాను తాతయ్యా" అన్నాను. "లోపల ఏమీ లేదు."

తాతయ్య తృప్తిగా తలూపి, పెన్ను నా చేతికిచ్చాడు.

"అదే రాసి సంతకం పెట్టు" అన్నాడు.